రోలు మీద ఎవరి పేరు? వంటింటి జాబితాని చదవడం

కొత్తకాపురానికి వంటిల్లు అమర్చేటప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒక జాబితా తయారవుతుంది. కాగితం మీద రాసినా, వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పినా అది జాబితానే. బిందెలు, గుండిగలు, గిన్నెలు, మూతలు, గరిటెలు, అట్లకాడ, మూకుడు, పెనం, కవ్వం, చేట, జల్లెడ, కత్తిపీట, రోలు, రోకలి, సన్నికల్లు, పొత్రం. స్త్రీల మౌఖిక సాహిత్యం మీద పనిచేసినవాళ్ళు పెళ్ళిపాటల్ని, అప్పగింతల పాటల్ని, నోముకథల్ని శ్రద్ధగా చదివారు. ఈ జాబితాని ఒక పాఠంగా చదివినవాళ్ళు తక్కువ. వంటపుస్తకాల పరిస్థితీ అంతే. మాలతీ చందూర్ నవలల గురించీ, 'ప్రమదావనం' గురించీ మాట్లాడుకున్నంతగా, తరతరాల తెలుగు ఇళ్ళల్లో నూనె మరకలతో నలిగిన ఆమె 'వంటలు పిండివంటలు' గురించి మాట్లాడుకోలేదు. అది పనికొచ్చే పుస్తకం కాబట్టి సాహిత్యం కాదనుకుంటాం. ఇంటిపని గురించి మనకున్న అభిప్రాయమే ఈ అనుకోవడంలోనూ ఉంది.

ఈ వ్యాసంలో నేను చెయ్యదలచుకున్నది చిన్న ప్రయత్నం. పొడులూ పిండ్లూ ముద్దలూ కొనకుండా, గింజ దగ్గర్నుంచి వండుకునే వంటిల్లు అమర్చాలంటే ఏమేం కావాలి? ఈ ప్రశ్నని విమర్శకి సంబంధించిన ప్రశ్నగా తీసుకుని, మన రచనలూ, మా ఊరి పనిముట్లూ దానికి ఏ జవాబులిచ్చాయో చూడటం. మా ఊరంటే శ్రీకాకుళం జిల్లా పొందూరు. మా అమ్మమ్మగారి ఊరు, నా వేసవి సెలవుల ఊరు. చేత్తో మొదట్నుంచీ చేసే పనికి గౌరవం ఎక్కడ దొరుకుతుందో, ఎక్కడ ఆగిపోతుందో చూడటానికి, ఖద్దరుకి దేశమంతా పేరున్న ఈ ఊరికంటే తగిన చోటు నాకు కనబడలేదు.

ముందు జాబితా. అందులో రెండు రకాల సామాను ఉంది. మొదటిది సారెలో వెళ్ళేది, నలుగురూ చూసేది. మా జిల్లాలో ఒకప్పుడు ఇత్తడి, కంచు సామాను అనగానే బుడితి గుర్తొచ్చేది. ఆ ఊరి కంచు, ఇత్తడి పనికి ఇవాళ భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఈ సామాను మీద పేరు కొట్టిస్తారు. ఇచ్చినవారి పేరో, పుచ్చుకున్నవారి పేరో, తేదీతో సహా. రెండో రకం రాతి సామాను, చెక్క సామాను, వెదురు సామాను. రోలు, తిరగలి, సన్నికల్లు, రోకలి, చేట, జల్లెడ. వీటిని సంతలో కొంటారు, లేకపోతే అత్తగారింట్లో అప్పటికే పాతుకుని ఉంటాయి. రోలు మీద పేరు చెక్కించిన ఇల్లు నేనెక్కడా చూడలేదు. దానిమీద ఉండేది అరుగుదల ఒక్కటే. నున్నబడిపోయిన రోటికి ఉలితో గాట్లు పెట్టే మనిషి వీధిలోకొస్తే పిలిచి పెట్టించుకునేవారు. మళ్ళీ కొన్నాళ్ళకి అది నున్నబడేది. ఏ చేతులు దాన్ని అంత నున్నగా చేశాయో రాసిపెట్టినవాళ్ళు లేరు.

విమల 'వంటిల్లు' కవితని నేను మొదటిసారి చదివింది 'నీలిమేఘాలు' సంకలనంలో. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన ఆ పుస్తకం నా తరం పరిశోధక విద్యార్థినులకి దాదాపు వాచకం. చిన్నపిల్ల కళ్ళకి అద్భుతంగా కనిపించిన వంటిల్లు క్రమంగా తల్లిని మింగిన చోటుగా ఎలా మారుతుందో ఆ కవిత చూపిస్తుంది. తల్లి ఏలుతున్నట్టు కనిపించిన రాజ్యంలో గిన్నెల మీద ఉన్నది తండ్రి పేరని బయటపెడుతుంది. ఆస్తి ఎవరిదన్న ప్రశ్నని అంత సూటిగా వంటింట్లోకి తెచ్చిన తెలుగు కవిత అంతకుముందు లేదని నా అభిప్రాయం. ఆ కవితని తరగతిలో పాఠం చెప్పినప్పుడల్లా ఒక విద్యార్థిని లేచి తన ఇంటి గిన్నెల మీద ఎవరి పేరుందో చెబుతుంది. కవిత చెయ్యగలిగిన పని అంతకంటే ఏముంటుంది?

అయినా ఆ కవిత దగ్గర ఆగిపోకూడదనిపిస్తుంది. గిన్నె మీద పేరు ఆస్తికి గుర్తు. పేరే లేని రోలు శ్రమకి గుర్తు. స్త్రీ గంటలు ఎక్కువ ఖర్చయ్యింది పేరున్న గిన్నెల దగ్గర కాదు, పేరులేని రాళ్ళ దగ్గర. వండటం గంట పనైతే, వండటానికి సిద్ధం చెయ్యడం పూట పని. వడ్లు ఎండబెట్టాలి, దంచాలి, చెరగాలి, మళ్ళీ దంచాలి, జల్లించాలి. పప్పు విసరాలి, పొట్టు తియ్యాలి. చోళ్ళు విసిరితేగానీ అంబలి లేదు. ఆవాలు నూరితేగానీ పనసపొట్టు కూర లేదు. "గిన్నెలెవరివి" అన్న ప్రశ్న పక్కన "గంటలెవరివి" అన్న ప్రశ్న కూడా పెట్టుకుంటేనే వంటిల్లు పూర్తిగా కనిపిస్తుంది.

గంటల లెక్క ఎలా ఉంటుందో నేను చూసింది వంటింట్లో కాదు, రాట్నం దగ్గర. పొందూరు సన్నఖద్దరు తయారీ దూది గింజ దగ్గర్నుంచి మొదలవుతుంది. పత్తి గింజల్ని ఒక్కొక్కటిగా తీసుకుని, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకున్న సన్నటి పళ్ళ వరుస దువ్వెనలా పనిచేస్తుంది, పీచు సాపై చెత్త రాలిపోతుంది. తర్వాత ఇనపకడ్డీని పలక మీద దొర్లిస్తూ గింజని వేరుచేస్తారు. విల్లుతో దూదిని ఏకుతారు. ఏకులు చుడతారు. వాటిని ఎండిన అరటిదొప్పలో భద్రపరుస్తారు, నలగకుండా, దుమ్ము పడకుండా. అప్పుడు రాట్నం. వంద నంబరు దాటిన సన్ననూలు ఈ చేతుల్లోంచి వస్తుంది. ఈ పనిలో మగ్గం వరకూ ఉన్నదంతా దాదాపుగా ఆడవాళ్ళ పనే.

ఈ పనిముట్లని ఒకసారి వంటింటి కళ్ళతో చూడండి. చేప దవడ వంటింటి వస్తువు. అరటిదొప్ప పెరటి వస్తువు. పడుగుకి పట్టించే గంజి అన్నం కుండలోది. ఏరడం, దులపడం, జల్లించడం, చెత్త తియ్యడం అన్న క్రియలన్నీ రెండుచోట్లా ఒకటే. వడ్లగింజ అన్నమయ్యే దారీ, పత్తిగింజ నూలయ్యే దారీ ఒకే ఇంట్లో, ఒకే చేతుల మీదుగా సాగాయి. మా అమ్మమ్మ పొద్దున్న కూడు వండి, రాట్నం ముందు కూర్చుని, మధ్యలో లేచి చోడి అంబలి కలిపి, మళ్ళీ రాట్నం దగ్గరికి వచ్చేది. ఆమెకి ఏ పని ఎక్కడ ముగిసి ఏది మొదలయ్యేదో చూసేవాళ్ళకి తెలిసేది కాదు.

ఒకచోట మాత్రం స్పష్టంగా తెలిసేది. నూలుకి పుస్తకం ఉంది. వడికిన నూలు చిలపల్లోకి చుట్టి ఇస్తే, ఎన్ని చిలపలో, ఏ నంబరో, ఎంత కూలో ఒక చిన్న పుస్తకంలో రాసేవారు. కూలి స్వల్పమే. రోజంతా వడికినా ఇల్లు గడిచేంత వచ్చేది కాదు, ఇప్పటికీ వడికేవారి బాధ అదే. అయినా ఆ పుస్తకం అట్టమీద ఆమె పేరుంది. మా ఇంట్లో ఆమె పేరున్న కాగితాలు వెతికితే మొట్టమొదట దొరికేది అదే. నేను పరిశోధన మొదలుపెట్టిన కొత్తల్లో ఆ పుస్తకం చూపించి, దీన్ని గురించి రాస్తానని చెప్తే ఆమె నవ్వి, "నూలైతే తూస్తారు గానే గుంటా, సాకిరీని తూస్తారేటి?" అంది. పునరుత్పత్తి శ్రమ గురించి నేను తర్వాత చదివిన సిద్ధాంతమంతా ఆ మాటకి వివరణలాగే అనిపించింది.

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు అని మనకో సామెత. రోలుకి ఒకవైపే దెబ్బ, మద్దెలకి రెండువైపులా. వంటింటి రోలు పొందూరు రాట్నంతో మొరపెట్టుకుంటే అలాగే ఉంటుంది. రాట్నం తిప్పే స్త్రీకి నూలుపనీ ఉంది, వంటపనీ ఉంది. అయితే రాట్నానికి ఒక చరిత్ర దొరికింది. స్వాతంత్ర్యోద్యమం దొరికింది. 1949లో ఏర్పడిన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం దొరికింది. అరిగిపోని గౌరవం ఒకటి దొరికింది. ఖద్దరు పంచె కట్టుకున్నవాళ్ళు అది చేత్తో వడికిందని గర్వంగా చెప్పుకుంటారు. అదే చేతులు అదే ఊళ్ళో గింజ దగ్గర్నుంచి వండిన కూడుని గురించి అలా చెప్పుకున్నవాళ్ళు లేరు. కూలి చిన్నదే అయినా, లెక్కలోకి వచ్చిన పనికి భాష పుట్టింది. లెక్కలోకి రాని పనికి పాట తప్ప వేరే భాష పుట్టలేదు.

ఆ పాటల గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. దంపుళ్ళ పాటలు, తిరగలి పాటలు సేకరించినవాళ్ళకి మనం రుణపడి ఉన్నాం. తెలుగు స్త్రీల రామాయణపు పాటల మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో వెల్చేరు నారాయణరావు, బ్రాహ్మణ స్త్రీలు ఇళ్ళలో పాడుకునే పాటలకీ, పొలంలో, తిరగలి దగ్గర పనిచేస్తూ బ్రాహ్మణేతర స్త్రీలు పాడే పాటలకీ ఉన్న తేడా చూపించారు. పాట ఎక్కడ పుడుతుందో, ఏ పనిముట్టు దగ్గర పుడుతుందో దాన్నిబట్టి దానిలోని సీతా మారుతుంది, రాముడూ మారతాడు. పనిముట్టుకీ పాఠానికీ ఉన్న సంబంధం ఇంత గట్టిది. అందుకే మర వచ్చాక పాటలు పోయాయని బాధపడే వ్యాసాలు చదివినప్పుడల్లా నాకు ఇబ్బందిగా ఉంటుంది. రోకటి పాట పోయిందన్న బాధలో రోకటిపోటు పోయిందన్న సంతోషానికి కూడా చోటుండాలి. భుజం నొప్పి లయగా మారితే అది కళే, కాదనను. ఆ లయని బతికించడానికి భుజాల్ని అప్పగించమంటే ఒప్పుకోను.

అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అన్న పుస్తకం రాసింది. వంటింట్లోకి యంత్రాలొచ్చినకొద్దీ ఇంట్లో మగవాళ్ళ పని, పిల్లల పని తగ్గిందనీ, తల్లి పని మాత్రం తగ్గలేదనీ, యంత్రంతో పాటే శుభ్రత గురించీ రుచి గురించీ ఆశలు పెరిగాయనీ ఆమె వాదన. కట్టెలు కొట్టే పని పురుషుడిది కాబట్టి కొత్త పొయ్యి ముందు అతని శ్రమనే తప్పించింది. మన అనుభవం దీనికి కొంత దగ్గర, కొంత దూరం. దగ్గర ఎందుకంటే, మిక్సీ వచ్చాక రోజుకి ఒక పచ్చడి చేసే ఇంట్లో రెండు పచ్చళ్ళు అడగడం మనందరికీ తెలుసు. దూరం ఎందుకంటే, మన దంపుడు కేవలం ఇల్లాలి పని కాదు. కూలికి దంచే ఆడవాళ్ళు ఊరూరా ఉండేవారు. పెద్దరైతుల ఇళ్ళల్లో దంచి, చెరిగి, నూకలో తవుడో కాసిని గింజలో కూలిగా తీసుకెళ్ళేవారు. బియ్యం మర వచ్చినప్పుడు ఇల్లాలి భుజాలకి విశ్రాంతి దొరికింది, వీళ్ళకి కూలి పోయింది. ఒకే యంత్రం ఇద్దరు స్త్రీలకి రెండు రకాల వార్త.

ఇక్కడే మన స్త్రీవాద వంటింటి విమర్శకి దళిత స్త్రీలు అడిగిన ప్రశ్న ఎదురవుతుంది. దంచడానికి పెరటిదాకా రానిచ్చిన మనిషిని వంటింటి గడప దాటనివ్వని ఇళ్ళు మా జిల్లాలోనూ ఉన్నాయి. ఆమె దంచిన బియ్యానికి అంటులేదు, ఆమెకుంది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' చదివినవాళ్ళకి, వంటింటి నాలుగు గోడల నుంచి విముక్తి అన్న మాట అందరికీ ఒకటే అర్థం ఇవ్వదని తెలుసు. గోడలే లేని పొయ్యి దగ్గర, పొలం పని ముగించుకుని వచ్చి వండేవాళ్ళకి వంటిల్లు చెర అవ్వడానికైనా ముందు అది ఉండాలి కదా. వంటింటి జాబితాని చదివేటప్పుడు, ఆ జాబితా రాసుకోగలిగిన ఇళ్ళెన్ని అని కూడా అడగాలి.

గింజ దగ్గర్నుంచి వండటానికి కావలసిన వాటిలో పెద్దవి రెండు ఏ జాబితాలోనూ కనిపించవు. అవి వంటచెరకు, నీళ్ళు. రెండూ వంటింటి బయట ఉంటాయి. వాటిని లోపలికి మోసుకొచ్చేది ఆడవాళ్ళు, ఆడపిల్లలు. ఉత్తరాంధ్ర కథకులు ఈ సంగతిని చాలామందికంటే ముందు చూశారు. శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో స్థిరపడిన చాసో 'కుంకుడాకు' కథలో పొయ్యిలోకి ఆకు ఏరడానికి వెళ్ళిన గవిరి, ఆడుకునే ఈడుపిల్ల. తనతో ఉన్న మరో పిల్లకి బడి ఉంది, గవిరికి పొయ్యి ఉంది. నాలుగు పుల్లల కోసం ఆమె తిన్న దెబ్బలు వంటింటి కథ కిందికి రావని మనం అనుకుంటే, వంటిల్లు అనే మాటని చాలా ఇరుగ్గా వాడుతున్నామన్నమాట. కాళీపట్నం రామారావు 'జీవధార'లో గుడిసెల ఆడవాళ్ళు నీళ్ళకోసం పెద్దింటి గేటు దగ్గర చేరడం కూడా నా దృష్టిలో వంటింటి కథే. స్త్రీవాద కథాసంకలనాల విషయసూచికల్లో ఈ రెంటికీ చోటు దొరకకపోవచ్చు. రాసింది మగవాళ్ళన్నది ఒక కారణమైతే, పొయ్యి బయట జరిగేదాన్ని వర్గ సమస్యగా, పొయ్యి ముందు జరిగేదాన్ని జెండర్ సమస్యగా విడగొట్టి చదివే అలవాటు మరో కారణం. శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో ప్రారంభించిన కథానిలయంలో కూర్చుని పాత పత్రికలు తిరగేసినప్పుడు, ఈ విభజన పాఠకులది తప్ప కథలది కాదని నాకు చాలాసార్లు అనిపించింది.

వంటచెరకు విషయంలో ఈ పాతికేళ్ళలో నిజమైన మార్పు వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం మహిళా సంఘాల సభ్యులకి గ్యాస్ కనెక్షన్లిచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. 2024 నవంబర్ 1న దీపం రెండో దశని ఏడాదికి 3 ఉచిత సిలిండర్ల హామీతో మొదలుపెట్టింది మా శ్రీకాకుళం జిల్లాలోనే, ఇచ్ఛాపురం దగ్గర ఈదుపురంలో. ఈ కనెక్షన్లు స్త్రీల పేరుమీద వచ్చాయి. గిన్నె మీద తండ్రి పేరున్న వంటింట్లోకి స్త్రీ పేరున్న గ్యాసుపుస్తకం రావడం చిన్న సంగతి కాదు. పొగ ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో, గొట్టంతో పొయ్యి ఊదినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఒక సంగతి గమనించాలి. నూలుపుస్తకంలో పేరు ఆమె చేసిన పనికి దక్కింది. గ్యాసుపుస్తకంలో పేరు ఆమె చెయ్యబోయే పనికి దక్కింది. వంట ఆమెదేనన్న నమ్మకాన్ని ప్రభుత్వం ఒక కార్డు మీద అచ్చువేసి ఇచ్చింది కూడా.

ఇప్పుడు కాలం మరోలా తిరుగుతోంది. గింజ దగ్గర్నుంచి వండటం మళ్ళీ గౌరవానికొచ్చింది. 2023ని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మా అమ్మమ్మ కాలంలో లేనివాళ్ళ తిండిగా చూసిన చోడి అంబలిని ఇవాళ చక్కెర జబ్బున్న ఉద్యోగులు గ్లాసుల్లో తాగుతున్నారు. రాతి రోళ్ళు, ఇనప మూకుళ్ళు, మట్టికుండలు, రాచ్చిప్పలు నగరాల్లో మంచి ధరకి అమ్ముడవుతున్నాయి. దుకాణంలో 'దంపుడు బియ్యం' అన్న ప్యాకెట్టు ఉంటుంది, లోపలివి ఎక్కువగా మరలో పైపొట్టు మాత్రం తీసిన బియ్యమే. దంచినవాళ్ళు పోయారు, దంపుడు అన్న మాట ప్యాకెట్టు మీద మిగిలింది. ఆరోగ్యానికి ఈ తిండి మంచిదే, నేనూ తింటున్నాను. నా అనుమానమల్లా దీని చుట్టూ వస్తున్న రాతల మీద. "అమ్మమ్మల కాలంలో" అని మొదలయ్యే ఆ రాతల్లో అమ్మమ్మ రుచి ఉంటుంది, అమ్మమ్మ నడుం ఉండదు.

నేను పొందూరు నుంచి తెచ్చుకున్న అలవాట్లతో విశాఖపట్నంలో రెండు గదుల ఇంట్లో వంటిల్లు అమర్చుకున్నప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి వస్తువు పేరు పక్కన ఇంకో గడి గీశాను. అది ఎవరి చేతికి, ఎన్ని నిమిషాలు అన్నది ఆ గడిలో రాయాలి. అలా రాసేటప్పటికి జాబితా రూపమే మారిపోయింది. ఉదాహరణకి ఆవ. పనసపొట్టుకో, అరటికాయకో ఆవ పెట్టాలంటే ఆవాలు అప్పటికప్పుడు తడిగా నూరాలి. మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే వేడెక్కి చేదుగా మారుతుంది. చారెడు ఆవాలకి చిన్న రాతిరోలు చాలు, పది నిమిషాల పని, కూర్చుని ఎవరైనా చెయ్యొచ్చు. కాబట్టి చిన్నరోలు ఉంది. ఇడ్లీ, దిబ్బరొట్టె పిండి రుబ్బడం రోటి మీద గంట పని. అది గ్రైండర్‌కి వెళ్ళింది. కోయంబత్తూరులో 1950ల్లో రూపొందిన ఈ యంత్రంలో తిరిగేది రాయే, తిప్పేది మాత్రం మనిషి కాదు. ఎండుకొబ్బరి, పసుపుకొమ్ము లాంటి మన గట్టి సరుకుని తట్టుకునే మిక్సీ కూడా ఒక ఇంటి అవసరంలోంచి పుట్టిందే. 1960ల్లో సత్యప్రకాశ్ మాథుర్, మాధురీ మాథుర్ దంపతులు సుమీత్‌ని అలా తెచ్చారు. చోళ్ళు పిండిమరకి వెళ్తాయి. తిరగలి నా జాబితాలో లేదు. మందపాటి ఇనప పెనం, మూకుడు, అడుగు మందంగా ఉన్న రెండు గిన్నెలు, కుక్కరు, ఒక మంచి కత్తి, ఒక కత్తిపీట, జల్లెడ, చేట ఉన్నాయి.

గడులు నింపుతుంటే ఇంకో రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకటి ఎత్తు. మన పాత పనిముట్లన్నీ నేలమీద కూర్చుని చేసేవి, కొత్తవన్నీ గట్టు దగ్గర నిలబడి చేసేవి. గట్టు ఎత్తు ఇంట్లో పొట్టిగా ఉన్న మనిషి నడుముకి సరిపోతుందా, పంపు గిన్నెలు తోమేచోటుకి అందుతుందా, పొగ పోయే కిటికీ ఉందా అన్నవి ఏ వంటపుస్తకం మొదటి పేజీలోనూ కనబడవు. వంటిల్లు అమర్చడంలో మొదటి సంగతి ఇదే, గిన్నెలు తర్వాత. రెండోది ఇంకా ఇబ్బందైనది. కొన్ని గడుల్లో నా పేరూ రాలేదు, నా భర్త పేరూ రాలేదు. పనసకాయ కొట్టి పొట్టు తీసే పక్కన, గిన్నెలు తోమే పక్కన, మా ఇంటికి పనికొచ్చే ఆమె పేరు వచ్చింది. నేను ఈ వ్యాసం రాసుకునే రెండు గంటలు ఆమె చేతుల్లోంచి వచ్చాయి. ఆ గంటలకి కూలి ఉంది, సెలవు ఉందా, సెలవు రోజు ఆమె ఇంటి వంటకి ఎవరున్నారు అన్నవి కూడా ఆ గడిలో రాయవలసినవే. గింజ దగ్గర్నుంచి వండాలన్న ఆదర్శం ఇంకో స్త్రీ నడుం మీద నిలబడితే దానికి స్త్రీవాదంతో సంబంధం లేదు.

ఈ లెక్క ఒక్క ఇంటిది కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనులు చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. ఇన్ని పథకాలూ, ఇన్ని యంత్రాలూ, ఇన్ని చర్చలూ దాటాక అయిదేళ్ళలో స్త్రీకి మిగిలింది పది నిమిషాలు, పురుషుడికీ దాదాపు అంతే మిగిలింది. అంటే పని చేతులు మారలేదు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డుప్రమాదం కేసులో చనిపోయిన గృహిణి శ్రమకి విలువ కట్టాలని చెప్పినప్పుడు, జస్టిస్ ఎన్.వి. రమణ తన తీర్పులో 2019 సర్వేలోని ఈ అంకెల్నే ఎత్తిచూపారు. మంచి తీర్పు. కానీ ఆమె గంటలకి ఖాతా తెరుచుకున్నది ఆమె చనిపోయాక, నష్టపరిహారం కోసం. "సాకిరీని తూస్తారేటి" అన్న ప్రశ్నకి చట్టం ఇచ్చిన జవాబు అక్కడిదాకా వచ్చింది.

సత్యవతి 'ఇల్లలకగానే' కథలో శారద ఇల్లు అలికి అలికి తన పేరు మరిచిపోతుంది. పాత స్నేహితురాలు పేరుపెట్టి పిలిచేదాకా అది గుర్తురాదు. ఆమెకి చదువుకున్న రోజులున్నాయి, ఆ రోజుల్ని గుర్తుంచుకున్న స్నేహితురాలుంది. మా అమ్మమ్మకి ఆ పని నూలుపుస్తకం చేసింది. ఈ రెండూ లేనివాళ్ళని పేరుపెట్టి ఎవరు పిలుస్తారు? కూలికి దంచి వెళ్ళిపోయినవాళ్ళని, రోళ్ళు నున్నబడేలా రుబ్బినవాళ్ళని? విమర్శకులుగా మనం చెయ్యగలిగిన పని ఒకటుందని నా నమ్మకం. వంటపుస్తకం కనిపిస్తే, సారె జాబితా కనిపిస్తే, అమ్మమ్మ చేతిరుచి గురించి రాసిన అందమైన వ్యాసం కనిపిస్తే, ప్రతి వస్తువు పక్కనా ఆ రెండో గడి గీసి చదవడం. ఎవరి చేతులు, ఎన్ని గంటలు, ఏం కూలి, ఆ గడప ఎవరు దాటొచ్చు, ఎవరు దాటకూడదు. వంటిల్లు కూల్చడమా, నిలబెట్టడమా అన్న పాత వాదానికి ఈ గడి నిండకుండా తీర్పు చెప్పలేం.

మా ఇంట్లో ఆ జాబితా గట్టుపక్క గోడకి అంటించి ఉంది. కొన్ని పేర్లు కొట్టేసి వేరే పేర్లు రాశాం. గ్రైండర్ కడగడం, ఆవ నూరడం ఇప్పుడు నా భర్త గడిలోకి వెళ్ళాయి. పనసపొట్టు కొట్టడం ఇంకా ఆమె పేరుమీదే ఉంది. దాని పక్కన రాసిన కూలిని ఈ ఏడాది రెండుసార్లు మార్చాం.